పెద్ద పొట్టేలు చేసిన నష్టం

“కరోనాను పట్టిన యంత్రం పొట్టేలులో కవలల గుణాన్ని పట్టలేదా?” అని అడిగాడు మామ, రాగి సంగటి ముద్దలో గుంట చేసి పప్పు పోసుకుంటూ.

కంటి పరీక్షకని పలమనేరు దగ్గరి మా అమ్మమ్మ ఊరి నుంచి తిరుపతి వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. నేను ఒక రోగనిర్ధారణ కేంద్రంలో పనిచేస్తాను. రోజంతా మనుషుల రక్తంతోనే కాపురం. ఆయనకు అరవైకి పైగా ఈనే గొర్రెలు, నాలుగు మేకలు, రెండు పొట్టేళ్లు. ఆ ప్రశ్నకు నేను నవ్వాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆయన అడిగినదాంట్లో నవ్వడానికి ఏముందో తోచలేదు. పట్టగలదు. పీసీఆర్ యంత్రానికి వైరస్ అయినా గొర్రె అయినా ఒకటే. ఏ ముక్కను వెతకాలో చెప్పే ప్రైమర్లు మారిస్తే చాలు, ఆ ముక్కనే లెక్కలేనన్ని ప్రతులు తీసి చూపిస్తుంది. మా కేంద్రంలో గొర్రె రక్తం పెడితే నా ఉద్యోగం ఊడుతుందన్నది వేరే సంగతి.

అసలు చిక్కు ఏ ముక్కను వెతకాలన్నది. అది తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టింది, ఆ కథ మొదలైంది మన దేశంలోనే.

1792, 1793లో కలకత్తా రేవు నుంచి ఆస్ట్రేలియాలోని కొత్త వలసకు కొన్ని గొర్రెలు ఓడెక్కాయి. బెంగాల్ గొర్రెలు. వాటి బంధువులను ఇప్పటికీ సుందరవనాల వైపు చూడవచ్చు. గరోల్ అంటారు. పది పదిహేను కిలోల బక్క ప్రాణం, మోకాలి లోతు నీళ్లలో దిగి గడ్డి మేస్తుంది, కవలలనూ మూడేసి పిల్లలనూ మామూలుగా ఈనుతుంది. ఓడ దిగిన వాటి రక్తం అక్కడి మెరీనో మందల్లో కలిసిపోయింది, అందరూ మర్చిపోయారు. నూట యాభై ఏళ్లు గడిచాక న్యూ సౌత్ వేల్స్‌లో కూమా అనే ఊరి దగ్గర బూరూలా అనే గొర్రెల క్షేత్రంలో సియర్స్ అన్నదమ్ములు చిన్న పని ఒకటి చేశారు. రెండేసి, మూడేసి పిల్లలు వేసిన గొర్రెలను అమ్మకుండా వేరే మందగా నిలుపుకున్నారు. శాస్త్రం చదివి చేసిన పని కాదు, చూసి చేసిన పని. 1950ల చివర్లో, ఒకే ఈతలో పుట్టిన ఐదింటిలో ఒకటైన పొట్టేలును అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకు ఇచ్చారు. అక్కడ గొర్రెల ప్రజననం చూస్తున్న హెలెన్ న్యూటన్ టర్నర్ గణాంకాల మనిషి. అంతకుముందు చదివింది భవన నిర్మాణ శాస్త్రం! లెక్కలు రాసేవాళ్ల చేతిలో పడటం ఆ మంద చేసుకున్న అదృష్టం.

ఆ లెక్కలు ఏళ్ల తరబడి పోగుపడితేనే 1980ల ఆరంభంలో ఒక అనుమానం బలపడింది. పిల్లల సంఖ్య సాధారణంగా ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తే తేలే గుణం. ఇక్కడ మాత్రం ఒకే ఒక్క జన్యువు కథ నడిపిస్తున్నట్టుంది. దానికి ఫెక్‌బి అని పేరు పెట్టారు. 2001లో మూడు బృందాలు, దేనికది విడిగా, దాని చిరునామా పట్టుకున్నాయి. గొర్రె 6వ క్రోమోజోమ్ మీద బీఎంపీఆర్1బి అనే జన్యువు డీఎన్ఏ రాతలో ఒక్క అక్షరం మారింది. 746వ చోట ‘ఎ’ ఉండాల్సింది ‘జి’ అయింది. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనులో 249వ స్థానాన గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆర్జినిన్ వచ్చింది. 2002లో గరోల్ గొర్రెల్లో వెతికితే అదే అక్షరం, అదే చోట. ఓడెక్కి వెళ్లినదేమిటో అప్పటికి తెలిసింది.

ఒక్క అక్షరం ఏం చేస్తుంది? గొర్రె అండాశయంలో ప్రతి ఎదకూ చాలా బుడగలు పెరగడం మొదలుపెడతాయి. మామూలుగా ఒకటే నెగ్గి, పక్వమై, అండాన్ని వదులుతుంది. మిగతావి వాడిపోతాయి. ఈ మార్పు ఉన్న గొర్రెలో బుడగలు ఇంకా చిన్నగా ఉండగానే పక్వమవుతాయి, అందుకని ఒకటికి బదులు రెండు మూడు నెగ్గుతాయి. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ మార్పు ఉన్న జన్యువు ఒక ప్రతి వస్తే మెరీనో గొర్రెలో ఈతకు సుమారు ఒక పిల్ల పెరుగుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఇంకా ఎక్కువ. ఆ ‘ఇంకా’ దగ్గరే గొడవ ఉంది, కాస్త ఆగి చెబుతాను.

ఇక పరీక్ష. ఎమ్మెస్సీ రోజుల్లో జెల్ మీద డీఎన్ఏ పరిగెత్తించడం నాకు ఇష్టమైన పని. జున్నులా వణికే పలక, దానికి ఒక అంచున దువ్వెన పళ్లతో చేసిన గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో నమూనా. కరెంటు పెడితే చిన్న ముక్కలు ముందుకు ఉరుకుతాయి, పెద్దవి వెనకబడతాయి. తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత కాంతి కింద పెడితే నారింజ రంగు గీతలు వెలుగుతాయి. ఫెక్‌బి పరీక్షలో వెతికే ముక్క 190 అక్షరాల పొడవు. అక్షరం మారి ఉంటే ఒక ఎంజైము దాన్ని 160, 30గా కోస్తుంది. మారకపోతే కోయలేదు. 190 దగ్గర ఒక్క గీతే ఉందంటే గుణం లేదు. 190, 160 రెండు చోట్లా గీతలుంటే ఒక ప్రతి ఉంది. 160 దగ్గర ఒక్కటే ఉంటే రెండు ప్రతులూ ఉన్నాయి. చిన్న 30 ముక్క సాధారణంగా కంటికి ఆనకుండానే జారిపోతుంది. ఇంతే. అక్షరం రానివారికైనా పది నిమిషాల్లో చదవడం నేర్పవచ్చు.

ఈ గీతల వల్ల గొర్రెల కాపరికి ఒరిగేదేమిటి? ఇది మామకు అర్థమైనంత సులువుగా మా కేంద్రంలో సహోద్యోగులకు అర్థం కాలేదు. పొట్టేలు ఈనదు. ఆడ గొర్రె అయితే రెండు మూడు ఈతలు చూసి దాని సంగతి తేల్చవచ్చు. పొట్టేలులో దాగిన గుణం దాని కూతుళ్లు పెరిగి, చూలు కట్టి, ఈనితే గానీ బయటపడదు. చూలు ఐదు నెలలు. కూతురు ఎదకు రావడానికి మొదటి ఏడాది దాటుతుంది. రెండు మూడు ఈతలు చూద్దామంటే ఈలోగా పొట్టేలు ముసలిదవుతుంది, లేదా కూరలోకి వెళ్లిపోతుంది. రక్తపు చుక్క అదే సంగతిని పిల్ల పుట్టిన వారానికే చెప్పేస్తుంది. ఇలా గుణాన్ని పట్టిచ్చే జన్యు గుర్తు అక్కరకొచ్చేది ఇక్కడే. మిగతా చోట్ల దాన్ని గురించి చెప్పేదాంట్లో సగం ఆర్భాటం.

మన దేశంలోనే దీన్ని చేసి చూపించారు. మహారాష్ట్రలో సతారా జిల్లా ఫల్టణ్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ గరోల్ గుణాన్ని దక్కని గొర్రెలోకి తెచ్చింది. ప్రతి తరంలోనూ గుణం ఉన్న పిల్లలను ఏరుతూ, గరోల్ పొట్టితనాన్ని వదిలించుకుంటూ, దక్కని ఒడ్డూ పొడుగూ తిరిగి రాబట్టుకుంటూ ఏళ్ల తరబడి చేసిన పని. సువర్ణ అనే గొర్రె అలా వచ్చింది. అక్కడ ఒక ప్రతి ఉన్న గొర్రెలు ఎక్కువగా కవలలనే ఈనుతాయి, మూడు పిల్లలు అరుదు. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ గరోల్‌తో సహా మూడు జాతులను కలిపి అవిశాన్ అనే గొర్రెను తయారుచేసింది. అందులో ఉన్నదీ గరోల్ అక్షరమే.

“అయితే ఆ పొట్టేలును ఒకదాన్ని తెప్పించు” అన్నాడు మామ. తెప్పించడం గురించి నాకు కోపమే ఉంది, మా ఊళ్లో బయటి పొట్టేళ్లు వచ్చి నీలి నాలుక జబ్బుతో పోయిన ముచ్చట చిన్నప్పుడు చూశాను. అదలా ఉంచి ముందు మన మంద సంగతి చూడాలి.

మాది నెల్లూరు గొర్రె. దేశంలోకెల్లా పొడగరి. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. తెల్లనిది పల్ల, కళ్ల చుట్టూ మూతి మీదా నల్ల మచ్చలున్నది జోడిపి, ఎర్రమట్టి రంగుది దొర. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షల గొర్రెలున్నాయి, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. ఈ జాతి ఒంటి పిల్లనే ఈనుతుంది. కవలలు అడపాదడపా. ఎందుకని? నేల, నీరు, మేత అని అందరూ చెప్పే జవాబు తప్పు కాదు. నాకు తోచిన మరో జవాబు ఉంది, అది మామకు మొదట రుచించలేదు.

మందకు పొట్టేలును ఎలా ఎంచుతారో చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. మూడు నాలుగు నెలల మగపిల్లలను దొడ్డి గోడ దగ్గరకు తోలి, మామ వాటి నడుము మీద అరచేయి వేసి నొక్కుతాడు. కాళ్ల పొడవు చూస్తాడు, మూపు చూస్తాడు, వృషణాలు రెండూ సమంగా ఉన్నాయో లేదో తడిమి చూస్తాడు. అన్నిటికన్నా ఏపుగా ఎదిగినదాన్ని ఉంచి మిగతావి అమ్మేస్తాడు. మా తాత ఇలాగే చేశాడు, ఆయన తండ్రి కూడా. తప్పు ఎక్కడుంది? ఒంటిగా పుట్టిన పిల్ల కడుపులో మేతంతా తనే తింటుంది, బయట పాలన్నీ తనే తాగుతుంది. కవలల్లో ఒకటి పుట్టుకతోనే తేలిక, తర్వాత సగం పాలు. మూడో నెలలో పక్కపక్కన నిలబెడితే ఒంటి పిల్లే గెలుస్తుంది, దాదాపు ప్రతిసారీ. అంటే తరం తరం మనం పెద్దదాన్ని ఎంచుతున్నామనుకుంటూ, కవలల తల్లి కొడుకును ఏరి ఏరి కసాయికి అప్పగిస్తున్నాం. సియర్స్ అన్నదమ్ములు చేసినదానికి సరిగ్గా తలకిందులు. శాస్త్రీయంగా లెక్క రాసే మందల్లో కవల పిల్లల బరువును సరిచేసి పోలుస్తారు. మన దొడ్డిలో తూకమే లేదు, సరిచేయడం ఎక్కడిది?

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కవల పిల్లను మందలో పెంచడం ఎంత కష్టమో నీకు తెలుసా?” అన్నాడు. తెలుసు. కార్తీకంలోనో మార్గశిరంలోనో మంద మేతకు వెళ్లినచోటే గొర్రె ఈనుతుంది. ఒక పిల్ల లేచి పొదుగు వెతుక్కుంటుంది. రెండోది తడి ఆరక, ముర్రుపాలు తాగక, చలికి ముడుచుకుపోతుంది. తల్లి మొదటిదాన్ని నాకుతూ నాలుగడుగులు ముందుకు వేస్తే రెండోదాన్ని మర్చిపోతుంది. కంబళిలో జోలెలా కట్టి రెండింటినీ మోసుకుంటూ మామ ఇంటికి రావడం నాకు గుర్తుంది. పొయ్యి దగ్గర గోనెసంచి మీద పడుకోబెట్టి, నోట్లో వేలు పెట్టి చూసేవాడు. నోరు వెచ్చగా ఉంటే బతుకుతుంది, చల్లగా ఉంటే కష్టం. మందలో ఆ నాలుగు మేకలు ఎందుకని చాలామంది అడుగుతారు. తల్లిపాలు చాలని గొర్రెపిల్లలకు పాలివ్వడానికి.

అందుకే ‘ఇంకా’ దగ్గర ఆగాను. రెండు ప్రతులున్న గొర్రె మూడు నాలుగు పిల్లలు వేస్తే రోజుకు పది కిలోమీటర్లు నడిచి మేసే మందలో వాటికి పాలెక్కడివి? పిల్లలు పెరగరు, తల్లి చిక్కిపోతుంది, మరుసటి ఎద తప్పుతుంది. న్యూజీలాండ్‌లో ఇన్వర్‌డేల్ అనే మరో గుణం ఉంది. ఎక్స్ క్రోమోజోమ్ మీది బీఎంపీ15 జన్యువులో మార్పు, 2000లో బయటపడింది. ఒక ప్రతి ఉంటే పిల్లలు పెరుగుతారు, రెండు ప్రతులుంటే అండాశయం ఎదగదు, గొర్రె గొడ్డుపోతుంది. అతి సర్వత్ర వర్జయేత్ అన్న మాటను నిక్కచ్చిగా పాటించే జన్యువు అది. మన మందలకు కావలసింది ఒక్క ప్రతి, కవలలు, అంతకు మించి వద్దు. తిరకాసు ఏమిటంటే ఒక ప్రతి ఉన్న పొట్టేలును కడితే పిల్లల్లో సగానికే గుణం వస్తుంది. ఏ సగానికో తెలియాలంటే తరం తరం పరీక్ష చేయిస్తూనే ఉండాలి. ఒకసారి కొని మర్చిపోయే సరుకు కాదిది.

అయితే నెల్లూరు గొర్రెల్లోనే మన సొంత గుర్తులు వెతకకూడదా? వెతకాలి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, పలమనేరులో పశు పరిశోధన స్థానం ఉంది. నా ఫిర్యాదు వెతకడం మీద కాదు, వెతికే తీరు మీద. ఏ దేశమైనా సరే, ఈ రంగంలో వచ్చే చాలా పరిశోధన పత్రాలది ఒకటే నడక. యాభై అరవై గొర్రెల రక్తం, ఒకటో రెండో జన్యువులు, ఒక్కో గొర్రెకు ఒకటో రెండో ఈతల వివరం, చివర ‘సంబంధం ఉండవచ్చు’. గొర్రె గొర్రెకూ పిల్లల సంఖ్యలో కనిపించే తేడాలో వంశపారంపర్యంగా వచ్చేది సుమారు పదో వంతే. మిగతాదంతా వయసు, మేత, ఎండ, వాన, అదృష్టం. పదో వంతు గొంతును యాభై గొర్రెల గోలలో వినడం కష్టం. జన్యువులన్నిటినీ ఒకేసారి గాలించే చిప్‌లు వచ్చాయిగా అంటారు. గొర్రెల చిప్ మీద సుమారు 54 వేల గుర్తులున్నాయి. నూటికి ఐదు తప్పులను ఒప్పుకునే మామూలు కొలబద్ద పెడితే, ఏ సంబంధమూ లేకపోయినా 2,700 గుర్తులు ‘దొరికాయి’ అంటాయి. వల పెద్దదైతే చేపలే కాదు, చెప్పులూ పడతాయి.

గుర్తు అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలు. వేసేది ఒకటి, ఉండేది ఒకటి. మామ చెవి అంచున కత్తిరించే గాటు మొదటిది. ‘నల్లకంటిది, కుంటిదాని మనవరాలు, పోయినేడు వానలో ఈనింది’ అని చెప్పగలగడం రెండోది. ఆయన వెళ్లే ముందు రోజు రాత్రి ఒక రూళ్ల నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. ఒక్కో గొర్రెనూ అడుగుతూ వెళ్లాను. ఎన్ని ఈతలు, ఎప్పుడు, ఎన్ని పిల్లలు, ఎన్ని బతికాయి. అరవై మూడింటి సంగతీ ఆయన నోటితోనే చెప్పాడు, మధ్యలో రెండుసార్లు టీ తాగి.

రాసింది చదివితే ఆయనకే వింతగా ఉంది. ఎంతో ముద్దుగా చూసుకునే, మందకే అందమైన గొర్రె ఒకటి రెండేళ్లలో ఒక్కసారే ఈనింది. ఎవరి కంటికీ ఆనని మరొకటి ఎనిమిది నెలలకు ఒక ఈత చొప్పున రెండేళ్లలో మూడు ఒంటి పిల్లలనిచ్చింది, మూడూ బతికాయి. ఏడాదికోసారి కవలలు వేసి ప్రతిసారీ ఒకటి పోగొట్టుకునే గొర్రె అదే రెండేళ్లలో నిలిపింది రెండే. అంటే కవలల గుణం కన్నా మళ్లీ త్వరగా ఎదకు వచ్చే గుణం మామకు ఎక్కువ డబ్బు తెచ్చింది. ఈ గుణానికి జన్యు గుర్తు వెతికితే నేను మొదటి చందా ఇస్తాను. నల్లకంటిది మూడు ఈతల్లో ఐదు పిల్లలను వేసి ఐదింటినీ నిలుపుకుంది. అలాంటిది మరొకటి లేదు.

దానిలో ఫెక్‌బి ఉందా? ఉండకపోవచ్చు. బెంగాల్ అక్షరం మా కొండల దాకా నడిచి రావడానికి కారణం కనిపించదు. దాని కవలలకు కారణం పది చిన్న జన్యువులు కావచ్చు, మంచి పొదుగు కావచ్చు, తుమ్మకాయలు రాలే చెట్టు కింద అది ఎప్పుడూ ముందుండటం కావచ్చు. ఎదకు ముందు రెండు మూడు వారాలు గుప్పెడు దాణా ఎక్కువ వేస్తే అండాలు పెరుగుతాయని పశువైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. తొలకరి పచ్చిక తిన్నాక మంద ఎదకు రావడంలో ఉన్నదీ అదే కిటుకు. కారణం ఏదైనా దాని కొడుకును మాత్రం అమ్మకూడదు అన్నాను. మామ ఔననలేదు, కాదనలేదు. నోటుపుస్తకం మాత్రం సంచిలో వేసుకోకుండా “నీ దగ్గరే ఉండనీ, అక్కడైతే మేకలు నములుతాయి” అన్నాడు.

పోయిన వారం ఫోను చేశాడు. వెనక ఎవరో గట్టిగా బేరం ఆడుతున్నారు. గంగమ్మ జాతర ముందు వ్యాపారులు ఊళ్ల మీద పడతారు.

“ఆ పుస్తకంలో నల్లకంటిదాని సంగతి మళ్లీ ఒకసారి చదువు” అన్నాడు. చదివాను. మూడు ఈతలు, ఐదు పిల్లలు, అన్నీ ఉన్నాయి. ఫోను కాస్త దూరం జరిపి “ఇది ఇచ్చేది కాదు, వేరేది చూసుకో” అన్నాడు ఎవరితోనో. అవతలి మనిషి నవ్వాడు. అంత బక్కదాన్ని ఏం చేసుకుంటావు అన్నట్టుంది, సరిగా వినిపించలేదు.

“దీని తండ్రి ఎవరో రాశావా?” అని అడిగాడు మామ.

పుటలు తిప్పాను. ఆ గడి పెట్టనే లేదు. రెండు పొట్టేళ్లూ మందలో కలిసే తిరిగాయి, ఎవరిని అడిగి రాసేది?

“ఆ రెండింటి రక్తమూ, దీని రక్తమూ తెస్తే మీలాంటి చోట చెప్పరా?”

“చెబుతారు మామా” అన్నాను. “అది మాత్రం కచ్చితంగా చెబుతారు.”